ఖాళీ లేని రేకు పలక

"వచ్చే ఏడాది విహారాల నుంచి మేవిస్ టోల్‌హర్స్ట్ పేరు తీసేయాలనేవాళ్లు చేతులెత్తండి," అన్నాడు అధ్యక్షుడు లయొనెల్.

చేతులు లేచాయి. సరిగ్గా అప్పుడే హాలు తలుపు తోసుకుని మేవిస్ లోపలికి వచ్చింది.

లేచిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. దించాలో ఉంచాలో ఎవరికీ తోచలేదు. వెనక వరుసలో ఒకాయన మాత్రం ఎత్తిన చేత్తోనే తల గోక్కున్నాడు.

ఆమె ముఖం మీద ఎండకు కాలిన చర్మం పొరలు పొరలుగా ఊడుతోంది. పాదాలకు కట్లు. వాటిమీద ఎవరివో మగవాళ్ల స్లిప్పర్లు. ఒక చేతిలో కర్ర, రెండో చేతిలో ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన ప్లాస్టిక్ సంచి.

"కానివ్వండి," అంది. "రెండో చెయ్యి కూడా ఎత్తేవాళ్లుంటే ఎత్తండి."

ఎవరూ నవ్వలేదు. స్నేహితురాలు ఏవెరిల్ ఒక్కతే లేచి పరుగున వెళ్లి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"ఏమే, ఇలా వచ్చేశావేంటి? ఇంటికి వెళ్లి పడుకోక!"

"ఇంటికి వెళ్లాలా వద్దా అన్నది ఇక్కడే తేలాలి," అంది మేవిస్.

అది నిజం. బయట కారులో మేనకోడలు రాబిన్ ఇంజను ఆపకుండా కూర్చుని ఉంది. ఆసుపత్రి నుంచి వస్తూ దారిలోనే చెప్పేసింది. "దీవి నుంచి వచ్చేటప్పుడు పడవెక్కి, హాజరు బ్యాడ్జి పెట్టి, ఆ సంగతే మర్చిపోయి మళ్లీ దిగిపోయావట అత్తా. ఆసుపత్రి వాళ్లు అదే రాసుకున్నారు. బుర్ర సరిగ్గా లేనివాళ్లని ఒంటరిగా ఉండనివ్వరు. వృద్ధాశ్రమంలో గది ఖాళీగా ఉంది. నీ క్లబ్బు వాళ్లు కూడా అదే మాటంటే నేను ఇంక వాదించను." హాలు నుంచి మేవిస్ ఇల్లు ఎడమకి, ఆశ్రమం కుడికి. కారు ఎటు తిరగాలో ఈ హాల్లో తేలుతుంది.

పెలికన్ పాయింట్ విశ్రాంత మిత్రుల సంఘం ఏటా నవంబరులో ఒక ఉదయం కూర్చుని వచ్చే ఏడాది విహారాలన్నీ ఖాయం చేసుకుంటుంది. తెల్లబోర్డు మీద అప్పటికే సగం నిండింది. ఫిబ్రవరి, నది మీద భోజనం. మార్చి, జున్ను తయారుచేసే ఊరు. ఏప్రిల్, పది రోజుల టాస్మేనియా. ప్రతి విహారానికీ జతలుంటాయి. జతలో ఒకరు నడవలేక ఆగితే రెండోవాళ్లు కూడా వాళ్ల కోసం ఆగాలి. అది సంఘం నియమం. మేవిస్ జత పదేళ్లుగా ఏవెరిల్.

ఏప్రిల్ కింద ఏవెరిల్ పేరు ఉంది. దాని పక్కన లయొనెల్ పేరు ఉంది.

మేవిస్ అది చదివింది. ఏవెరిల్ ఆమె కళ్లు ఎటు వెళ్లాయో చూసింది.

"నువ్వు రాలేవు కదా అని..." అంది మెల్లగా. "పాపం, ఆయనకి కూడా ఎవరూ లేరు."

"మేవిస్, ఇది నీ మంచికే," అన్నాడు లయొనెల్. భార్య పోయిన తర్వాత ఆయన చొక్కాలు మరింత బాగా ఇస్త్రీ అవుతున్నాయి. "నీ మీద ఎవరికీ కోపం లేదు."

"నాకుంది," అంది ముందు వరుసలో ఒకావిడ, కొబ్బరి చల్లిన లామింగ్టన్ కేకు నములుతూనే. "ఈవిడ కోసం ఆగి ఆగి, కిందటేడు మనం చూసిన తిమింగలాలకంటే టాయిలెట్లే ఎక్కువ."

ఈసారి నవ్వారు. ధైర్యం వచ్చింది. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"లైట్‌హౌస్ మెట్లు ఆవిడ ఎక్కి దిగేలోపు నాకింకో పుట్టినరోజు వచ్చేసింది."

"ఆవిడని ముందు రోజే బయల్దేరదీయమని నేను ఎప్పుడో చెప్పా."

"టీ చల్లారిపోతోంది, త్వరగా కానివ్వండయ్యా. జూన్‌కి ఏం పెడుతున్నాం?"

మేవిస్ కుర్చీలో కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుంది. ఏవెరిల్ పక్కనే కూర్చుని ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"కిందటి నెల విహారంలో, బ్రోల్గా దీవి నుంచి తిరిగొచ్చేటప్పుడు నేను పడవ ఎక్కనే లేదు," అంది మేవిస్. "చెట్ల అవతల బల్ల మీద కూర్చున్నాను. పడవ రాగానే పిలుస్తానని ఏవెరిల్ చెప్పింది. పిలవలేదు. నేను వచ్చేసరికి పడవ నీళ్ల మధ్యలో ఉంది. కర్ర ఊపాను. మీలో ఒకరు చెయ్యి ఊపారు కూడా."

"ఎవరో పక్షుల్ని చూసి ఊపుతున్నారనుకున్నాం," అన్నాడు తల గోక్కున్నాయన.

ఏవెరిల్ నిట్టూర్చింది. "మేవిస్, బంగారం, నువ్వు ఎక్కావే. నా కళ్లతో చూశాను. బ్యాడ్జి తీసి పలక మీద టప్పున అంటించావు. తర్వాత కళ్లజోడు మర్చిపోయానని మళ్లీ దిగావు. మళ్లీ ఎక్కి వెనక కూర్చున్నావేమో అనుకున్నాను. నీకు గుర్తులేదు, అంతే. అందులో సిగ్గుపడాల్సిందేముంది?"

సిగ్గుపడాల్సినదంతా మేవిస్‌దే అన్నట్టు అందరూ తలలూపారు.

ఈ సంఘంలో పేర్లు పిలవరు. మేమేమన్నా బడిపిల్లలమా అని ఎప్పుడో గొడవ జరిగి, హాజరు పిలవడం మానేశారు. దాని బదులు ఒక రేకు పలక వచ్చింది. పలక మీద పెయింటుతో గీసిన గడులు, ప్రతి గడి పైనా ఒక పేరు. తిరుగు ప్రయాణంలో పడవో బస్సో ఎక్కిన వెంటనే గుండె మీది అయస్కాంతం బ్యాడ్జి తీసి తమ గడిలో అంటించాలి. పలకలో ఖాళీ లేకపోతే బయలుదేరడమే. దిగేటప్పుడు ఎవరిది వాళ్లు తీసుకుంటారు. ఎవరి బ్యాడ్జిని ఇంకొకరు ముట్టుకోకూడదు. ఈ పద్ధతి వచ్చాక ఎవరూ వెనక ఉండిపోలేదు, కిందటి నెల దాకా.

ఆ రోజు ఆటుకి సముద్రం నీళ్లు వెనక్కి తీస్తున్నాయి. ఇంకాస్త ఆలస్యమైతే పడవ ఇసుకలో కూరుకుపోతుంది. విహారాల కార్యదర్శి నోయల్ పలక వైపు ఒక్కసారి చూశాడు. ఖాళీ లేదు. పదండి అన్నాడు. దిగే హడావిడిలో పలక మీద ఒక బ్యాడ్జి మిగిలిపోవడం ఎవరూ చూడలేదు. మర్నాడు పొద్దున పీతల బుట్టలు తీయడానికి వెళ్లినవాడికి మేవిస్ కనిపించింది. నాలుక పిడచకట్టి, ఒళ్లంతా ఇసుక దోమలు కుట్టి, మడచెట్ల వేళ్ల మధ్య పడి ఉంది.

"పలక తేవయ్యా నోయల్," అన్నాడు లయొనెల్. "ఆవిడే చూసుకుంటుంది. తర్వాత ఓటు పూర్తి చేద్దాం."

నోయల్ బయటికి వెళ్లి తన వ్యానులోంచి పలక తెచ్చాడు. రెండు వారాలుగా దాన్ని బోర్లాపడేసి ఉంచాడు. ఇవాళ్టిదాకా తిప్పి చూడలేదు. పలకంతా ఖాళీ. అందరూ ఎవరిది వాళ్లు తీసేసుకోగా మేవిస్ గడిలో మాత్రం తెల్లటి బ్యాడ్జి ఒక్కటి మిగిలి ఉంది.

"ఇది నీ పేరేనా?" లయొనెల్ పలక అందుకుని ఆమె ముఖం ముందు పెట్టబోయాడు.

మేవిస్ కుర్చీతో సహా వెనక్కి జరిగింది. "దగ్గరికి తేవద్దు!"

హాలంతా గొల్లుమంది.

"తన బ్యాడ్జి చూసి తనే జడుసుకుంటోంది!"

"ఇంకా ఓటెందుకు? అయిపోయిందిగా!"

ఎందుకు వెనక్కి జరిగిందో మేవిస్‌కీ ఒక్క క్షణం ఆలస్యంగా అర్థమైంది. జూలైలో గుండెకు పేస్‌మేకర్ యంత్రం పెట్టి, అయస్కాంతాన్ని దగ్గరికి రానివ్వొద్దన్నప్పటి నుంచి అలవాటైన భయం అది. అయస్కాంతం కనిపిస్తే ఒళ్లు దానంతట అదే వెనక్కి జరుగుతుంది.

ఆమె ఆ పలక వైపే చూస్తూ ఉండిపోయింది.

"నోయల్, అది రేకుకి ఎలా అంటుకుంది?" అంది.

"ఎలా అంటే... అన్నీ అలాగే కదండీ అంటుకునేది. వెనకాల అయస్కాంతం..."

"నా బ్యాడ్జికి వెనకాల ఏముంది? చేసిచ్చింది నువ్వే కదా."

నోయల్ పలక మీది బ్యాడ్జిని గోటితో లాగాడు. అది టక్కుమని ఊడి, వదలగానే మళ్లీ టక్కుమని రేకుకి అతుక్కుంది.

"పిన్ను," అన్నాడు. "మీకు అయస్కాంతం తగలకూడదని జూలైలో నేనే పిన్నుది చేసిచ్చాను. పడవ ఎక్కాక నా చేతికిస్తానన్నారు. ఆ తర్వాత మీరొచ్చిన మొదటి విహారం అదే... పలక నిండిపోయేసరికి నాకు గుర్తే రాలేదు."

ఎవరో కప్పు సాసరులో పెట్టారు. ఆ చప్పుడు హాలంతా వినిపించింది.

మేవిస్ ఒళ్లోని సంచి విప్పింది. లోపల ఆసుపత్రివాళ్లు కత్తిరించి తీసిన జాకెట్టు ఉంది. ఉప్పు కట్టి, అట్టలా బిగుసుకుపోయింది. దాన్ని తీసి మోకాళ్ల మీద పరిచింది. ఎడమవైపున, తుప్పు పట్టిన పిన్నుతో, ఆమె బ్యాడ్జి అలాగే ఉంది.

"ఇది నా ఒంటి మీదే ఉంది," అంది. "మరి నేను టప్పున అంటించిందేంటి?"

లామింగ్టన్ ఆవిడ వేళ్లకు అంటిన కొబ్బరి తుడుచుకోవడంలో మునిగిపోయింది.

"అయితే ఇది పాతది," అన్నాడు నోయల్, పలక మీది బ్యాడ్జి తిప్పి చూస్తూ. "పాతది నాకు తిరిగి ఇవ్వలేదు కదా మీరు?"

"ఇవ్వలేదు. అయస్కాంతం ఇంట్లో ఉంచొద్దన్నాడు డాక్టరు. పారేయడానికి మనసొప్పలేదు. ఒకరి హ్యాండుబ్యాగులో వేశాను, నా గుర్తుగా దాచుకోమని."

"ఎవరి హ్యాండుబ్యాగులో?" అన్నాడు లయొనెల్.

మేవిస్ చేతి మీద ఉన్న చెయ్యి బిగుసుకుంది. ఏవెరిల్ చెవి దగ్గరికి వంగింది. పెదవుల మీద చిరునవ్వు చెక్కుచెదరలేదు. దూరం నుంచి చూసేవాళ్లకి ఓదారుస్తున్నట్టే ఉంటుంది.

"గంటలో వెనక్కి వెళ్లి తీసుకొస్తారులే అనుకున్నానే," అని గుసగుసలాడింది. "కాస్త భయపడితే నువ్వే మానేస్తావని. నీళ్లు అంత తీసేస్తాయని నాకేం తెలుసు?"

"రాత్రంతా తెలియలేదా?"

"అప్పటికే ఆలస్యమైపోయింది. ఇప్పుడు చెప్తే నీకేమొస్తుంది చెప్పు? వీళ్లలో నీ పక్కన కూర్చునేదెవరు? నన్ను పోగొట్టుకుంటే ఏడాదంతా కిటికీతో మాట్లాడుకోవాలి. ఆలోచించుకో."

మేవిస్ ఆలోచించింది. హాలంతా కళ్లతో ఒక చుట్టు చుట్టింది. ఇందాక ఎత్తిన చేతుల్లో ఇప్పుడు కప్పులున్నాయి. పక్కన కూర్చుంటామన్న ముఖం ఒక్కటీ లేదు. ఏవెరిల్ చెప్పింది నిజమే.

బయట కారు హారన్ మోగింది. ఎడమకో కుడికో తేల్చమంటోంది రాబిన్.

మేవిస్ తన చెయ్యి విడిపించుకుని కర్ర మీద లేచి, తెల్లబోర్డు దగ్గరికి నడిచింది. నెమ్మదిగానే నడిచింది. ఈసారి ఎవరూ తొందరపెట్టలేదు.

"జూన్ ఖాళీగా ఉందన్నారు కదా," అంది. "బ్రోల్గా దీవి అని రాయి, నోయల్. మళ్లీ అక్కడికే వెళ్దాం. నా జత కూడా రావాలి. ఈసారి బల్ల మీద తను కూర్చుంటుంది. పడవ రాగానే నేను పిలుస్తాను."

నోయల్ జూన్ కింద దీవి పేరు రాశాడు. "పక్కన ఎవరి పేరు రాయమంటారు?"

మేవిస్ వెనక్కి తిరిగింది. ఆఖరి వరుస దాకా వినపడేలా, పదేళ్లుగా పిలిచిన పేరును ఒక్కో అక్షరం నొక్కి పలికింది.

"నా పాత బ్యాడ్జి అంటించి, నన్ను అక్కడ వదిలేసి వచ్చిన దాని పేరు రాయి. ఏవెరిల్."