సొన దెబ్బ

కూతురు కెజియా కుడి కంటికి నూజివీడు ఆసుపత్రిలో కట్టు కట్టించుకొచ్చిన హన్నా, ఆటో దిగి పిల్లని అరుగు మీద కూర్చోబెట్టి నేరుగా షెడ్డు వైపు నడిచింది. మామిడికాయ సొన పడి నల్లగుడ్డు మీద పుండయిందనీ, చూపు సంగతి సోమవారం గానీ చెప్పలేననీ డాక్టరు అన్నాడు. పిల్లకి నాలుగేళ్ళు.

మరిది కిషోర్ బాబు షెడ్డులో మామిడికాయల రాశి పక్కన ఫోను చూస్తూ కూర్చున్నాడు. పచ్చికాయకి తొడిమ విరిస్తే సొన చిమ్ముతుంది. మొహం పక్కకి తిప్పుకుని విరవడం ఇక్కడ అందరికీ అలవాటే. ఆ చిమ్మడాన్నే కిషోర్ ఓ పేరడీ వీడియో చేశాడు. జపాను కార్టూన్లలో వీరుడిలా జుట్టు నిక్కబొడుచుకున్న రైతు, ఫైటింగ్ గేముల్లోలా ఎగిరి, తొడిమ విరిచి, "సొన దెబ్బ" అని అరుస్తూ రాక్షసుడి కళ్ళల్లోకి కొడతాడు. మూడు వారాలుగా ఊళ్ళో పిల్లలకి అదే ఆట. పొద్దున పక్కింటి బాలశౌరి కొడుకు నిజమైన కాయకే తొడిమ విరిచి కెజియా కంట్లోకి సొన కొట్టాడు.

"ఆ వీడియో తీసెయ్," అంది హన్నా.

"పొద్దున్నే తీసేశాను వదినా. కానీ అందరి ఫోన్లలోకీ పోయింది. అయినా అది పేరడీ. నిజంగా చేస్తారని ఎవరనుకుంటారు?"

"పిల్లలనుకుంటారు. సొన పడితే ఒళ్ళు ఎలా కాలుతుందో నీకు తెలీదా? తోటల్లోనేగా పెరిగావు."

"నువ్వూ నవ్వావుగా. కెజియాకి చూపించింది కూడా నువ్వే."

ఆ మాట నిజమే. ఎనిమిదో తరగతితో బడి మానేసిన హన్నా, మరిది తెలివికి మురిసిపోయి పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మరీ చూపించింది. నిజమైనందుకే ఇంకా మండింది.

"బుద్ధి లేక నవ్వాను. ఆ నింద నేను పడతాను. నువ్వు లే. ఊరంతా కోతలు, ఏ వాకిట్లో చూసినా కాయలే. ఇంకో పిల్ల కన్ను పోకముందే ఇంటింటికీ వచ్చి చెప్పు."

"నేనేం చెప్పను వదినా?"

హన్నా పిల్లని తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

మొదటి ఇంట్లో ముగ్గురు పిల్లలు పరిగెత్తుకొచ్చారు. కిషోర్ కెజియాని వాళ్ళకి కనబడేలా ఎత్తి పట్టుకున్నాడు. "ఆ ఆట ఆడకండిరా. చూడండి, కెజియా కంటికి ఏమైందో."

పిల్లలు కట్టు వంక చూసి కిసుక్కున నవ్వారు. "కొత్త వీడియోనా అన్నా? ఈ సారి కెజియానా రాక్షసి?"

కిషోర్ పిల్లని భుజాన వేసుకున్నాడు. వెనక్కి తిరగబోయాడు. హన్నా గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"మళ్ళీ చెప్పు," అంది. "నవ్వు ఆపేదాకా చెప్పు."