పోయేటప్పుడు వచ్చే చప్పుడు

బస్టాండు దారి ఎంత పోయినా తరగడం లేదు, స్వరూప బండి నడుపుతోంది, వెనక సీటు మీద ఆమె తండ్రి ఓదెలు కూర్చుని ఉన్నాడు, ఆయన చనిపోయి అయిదు నెలలైందన్న సంగతి ఇద్దరికీ తెలుసు, కానీ ఆ మాట ఎత్తడం మర్యాద కాదన్నట్టు ఇద్దరూ రోడ్డు వైపే చూస్తున్నారు. రోడ్డు కాసేపు కాలనీ క్వార్టర్ల మధ్య నుంచి, కాసేపు స్వరూప పాఠాలు చెప్పే బడి వరండాలోంచి పోతోంది, పిల్లలు బెంచీలు జరిపి దారి ఇస్తున్నారు.

"ఇనవడ్తుందా బిడ్డా?" అంటాడు ఓదెలు.

ఆమెకు ఏమీ వినబడదు. వినబడుతోందని చెప్పేద్దామని నోటి దాకా వస్తుంది, కానీ ఈ మనిషి దగ్గర అబద్ధాలు చెల్లవు. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పంపు దగ్గర పనిచేశాడు, మోత కాస్త మారితే చాలు, ఎక్కడ ఏ బోల్టు వదులైందో చెప్పేవాడు. రిటైరయ్యాక ఆయనగారి ఉద్యోగమల్లా రోజూ పొద్దున కూతుర్ని ఈ పాత బండి మీద బస్టాండులో దించి రావడమే. నిరుడు ఎండాకాలం ఇంజన్‌లో ఏదో టిక్కు టిక్కుమంటోందని మొదలుపెట్టాడు. మెకానిక్ శంకరన్న రెండుసార్లు ఇంజన్ విప్పి బిగించాడు, తానే బండెక్కి కాలనీ చుట్టూ తిరిగొచ్చి, ఏం లేదు కాకా అన్నాడు. పోయేటప్పుడు వస్తుంది, తిరిగొచ్చేటప్పుడు రాదు అని ఓదెలు పట్టుబడితే, చప్పుడుక్కూడా షిఫ్టు డ్యూటీ వేశారా అని స్వరూప పడీపడీ నవ్వింది.

"నవ్వితే నవ్వినవు గని," అంటాడు ఓదెలు, ఆమె మనసులో అనుకున్నదంతా విన్నట్టే, "చెవుల డాక్టరు కాడికి ఎందుకు తీస్కపోయినవ్?"

ఈ మాట వస్తుందనే ఆమె ఇంతసేపూ భయపడుతోంది. బాయి మోతకు చెవులు దెబ్బతిన్నాయి, ఇలాంటివాళ్లకు తలలోనే చప్పుళ్లు పుడుతుంటాయి అన్నాడు డాక్టరు. మెట్లు దిగుతూ స్వరూప విసుక్కుంది, చప్పుడు బండిలో లేదు, నీ చెవుల్లో ఉంది, ఇక ఊరుకో అంది. ఓదెలు ఊరుకున్నాడు. మర్నాడు తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, నువ్వే నడుపుకో అన్నాడు, మళ్లీ ఆ బండి ఎక్కలేదు, మూడు నెలలకు గుండె ఆగి పోయాడు. చెవుల్ని నమ్ముకుని బతికిన మనిషికి చెవులు పనికిరావని చెప్పి పంపించింది తను.

"తప్పయింది బాపూ. నేను నమ్మకపోతి."

"తప్పు సంగతి తర్వాత. ముందుగాల చప్పుడు సూడు."

బండి ఎప్పుడు ఆగిందో తెలియదు, వాళ్లు పంపు గదిలో ఉన్నారు, కాళ్ల కింద నల్లటి నీళ్లు పారుతున్నాయి, తడి మాత్రం తగలడం లేదు. ఓదెలు జేబులోంచి పొడవాటి స్క్రూడ్రైవర్ తీసి మొన బండి ఇంజన్ మీద ఆనించి, పిడి ఆమె చెవి పక్కన ఎముకకు పెడతాడు. ఇంజన్ లోపలిదంతా ఆమెకు వినబడుతుంది, ఒక్క తప్పు చప్పుడు లేదు. ఆయన కూడా వింటాడు, చాలాసేపు వింటాడు, స్క్రూడ్రైవర్ దించేస్తాడు.

"నాకు గూడ ఇనవడ్తలేదు," అంటాడు మెల్లగా. "అయితే నువ్వన్నదే నిజమా బిడ్డా? నా చెవులే పోయినయా?"

బతికుండగా తండ్రి ముఖం ఇలా చిన్నబోవడం ఆమె చూడలేదు, లేక చూడకుండా తప్పించుకుంది.

"ఎక్కు బాపూ," అంటుంది, "ఇంకొక్కసారి పోదాం."

ఆయన ఎక్కగానే సీటు కిందికి కుంగుతుంది. నాలుగు గజాలు పోయేసరికి, టిక్కు. స్వరూప బండి ఆపుతుంది. ఆయన దిగుతాడు, చప్పుడు లేదు. ఎక్కుతాడు, టిక్కు టిక్కు.

"ఇద్దరముంటేనే అస్తున్నది," అంటుంది ఆమె. "శంకరన్న ఒక్కడే తిరిగిండు. నువ్వు బస్టాండు నుంచి ఒక్కనివే అచ్చేటోనివి."

"గింత ముచ్చటకు రెండుసార్లు ఇంజన్ ఇప్పిండా వాడు," అని ఓదెలు నవ్వుతాడు. "ఇంజన్ల లేదిది. ఎనుక చైను కాడ."

దిగి చూద్దామని ఆయన కాలు తీయబోతాడు.

"దిగకు బాపూ," అంటుంది స్వరూప. "దిగితే చప్పుడు పోతది."

ఆయన దిగడు. బస్టాండు రాకూడదని ఆమె నిదానంగా నడుపుతుంది, వెనక టిక్కు టిక్కుమంటూనే ఉంటుంది, ఆమె ఏడుస్తూ వింటుంది, అంతలో సీటు తేలికవుతుంది.

మెలకువ వచ్చేసరికి తెల్లారింది. ముఖమైనా కడగకుండా స్వరూప వాకిట్లోకి వెళ్లి బండి తీసింది. మోకాళ్ల నొప్పులతో ఏళ్లుగా బండెక్కని తల్లి రాజవ్వను బతిమాలి వెనక కూర్చోబెట్టుకుని సందు చివరి దాకా పోయింది. దారి పొడుగునా చప్పుడు వచ్చింది. తిరిగొచ్చి చైను కవరు విప్పింది. లోపలి రేకు మీద, చైను రాసుకున్న మేర, బెత్తెడు చోటు తళతళలాడుతోంది.

"ఏమున్నదే అండ్ల?" అంది సీటు మీది నుంచే రాజవ్వ.

"బాపు చెవులు మంచిగనే ఉండెనే అమ్మా," అంది స్వరూప.