రెండూ ఎడమవైపు సంచులే

సున్నం కొనాలి, కుంచె కొనాలి. చర్చి నుంచి కొవ్వొత్తులు తెచ్చుకోవాలి. కోచింగ్ సెంటర్లో సెలవడగాలి. సైకిలుకు బ్రేకు రబ్బర్లు మార్పించాలి. అన్నిటికంటే ముందు సైకిలు వెనక చక్రానికి రెండు పక్కలా తగిలించే సంచులు కుట్టాలి.

సమాధుల పండుగ దగ్గర పడింది. రూబీ మేనమామ యెహెజ్కేలు బతికున్నన్నాళ్లూ ఏటా ఆ పండక్కి ఎల్బీనగర్ నుంచి సైకిలు మీద ఊరికి వెళ్లేవాడు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో మూటలు మోసిన మనిషి. పెళ్లీ పిల్లలూ లేరు. ఊళ్లో ఎవరూ రాని సమాధులను వెతికి మరీ సున్నం వేసి, కొవ్వొత్తి వెలిగించి వచ్చేవాడు. ఇప్పుడాయనా అక్కడే ఉన్నాడు. అక్క ఎల్లమ్మకు మోకాళ్లు నడవనివ్వవు. ఆమె కూతురు రూబీ కూడా పోకపోతే ఆయన సమాధికీ దిక్కులేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో పొద్దంతా కోచింగ్ సెంటర్ ఫోన్లకు జవాబు చెప్పి వచ్చేసరికి రూబీకి ఇంట్లో మాట్లాడే ఓపిక కూడా మిగలదు. అయినా మొహం కడుక్కుని, పైన ఇంటి ఓనరు లలితకుమారి గారి వరండాలో కుట్టుమిషను ముందు కూర్చునేది. గుడ్డసంచి వానకు ఆగదు, సున్నం తడిస్తే ఉడుకుతుంది. అందుకని మామ పోయినప్పుడు వీధిలో కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ తీసింది. అది ఇన్నాళ్లూ మంచం కిందే ఉంది. పారేయడానికి చేతులు రావు, కింద పరవడానికి మనసు రాదు. ఎల్లమ్మ ఒప్పుకుంది గానీ, ఒక్క మాట గట్టిగా చెప్పింది.

"అక్షరాలు కోసుకో, పూలు కోసుకో. మొఖం జోలికి పోకు. మా తమ్ముని మొఖం మీద సూది దించొద్దు."

తొక్కేటప్పుడు మడమ తగలకుండా సంచి ముందువైపు ఏటవాలుగా కోయాలి. రూబీ అలాగే కోసింది. రెండూ పూర్తయిన సాయంత్రం లలితకుమారి గారు కాఫీ గ్లాసుతో వచ్చి నిలబడ్డారు.

"ఏవమ్మా రూబీ, ఈ ఏటవాలు రెండిటికీ ఒక్క పక్కనే ఉందేంటి?"

రూబీ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసింది. రెండూ ఎడమవైపు సంచులే.

"రెండోది తిప్పి కోయాలిగా. కొత్తలో నేనూ జాకెట్టుకి రెండు ఎడమ చేతులు కుట్టాను. దానికి సరిపోయే మనిషిని ఇప్పటికీ చూళ్లేదు," అన్నారావిడ.

రూబీకి నవ్వే ఓపిక లేకపోయింది. తగిలించే పట్టీలు విప్పి అవతలి వైపు కుడదామన్నా, ఫ్లెక్సీ కుట్టు విప్పితే సూది బెజ్జాలు పూడవు, నీళ్లు దిగుతాయి. మిగిలింది ముఖం ఉన్న ముక్కే.

"ఏందే, గట్ల కూలబడ్డవ్?" అంది ఎల్లమ్మ, కూతురు కిందికి రాగానే.

"రెండు సంచులూ ఎడమవైపువే అయినయమ్మా."

"డిగ్రీ చదివినవ్, కుడేదో ఎడమేదో తెల్వదా?"

"తెలుసు. అలిసిపోయిన."

"ఒక్క సంచితోని పోరాదు?"

"ఒక దిక్కు గుంజుతది. పక్కపొంటి లారీలు పోతుంటయ్."

"బస్సుల పో మరి."

"బస్సు దిగినంక సున్నం నెత్తినెత్తుకొని గంత దూరం నడవాల్నా? నాతోని కాదమ్మా. మొఖం దాచుకుంటవా, సమాధికి సున్నం ఏపిస్తవా, నువ్వే చెప్పు."

ఎల్లమ్మ మెల్లగా లేచి, మిగిలిన ముక్క తెచ్చి మంచం మీద పరిచింది. ఉన్న ఒక్క ఫోటో ఆధార్ కార్డుది. దాన్నే పెద్దది చేయించారు.

"గీ ఫోటోల మావోడు దొంగ లెక్క బెదిరి చూస్తుండు," అంది. ముక్కను అరచేత్తో చదును చేసింది. "నడిమిట్ల పెట్టి కొయ్యి. కండ్ల మీదికి, నోటి మీదికి కుట్టు రావద్దు."

"ఏటవాలు కాడ చెవు పోతదమ్మా."

"ఏ చెవు?"

"ఎడమది."

"పోనీ. గా చెవు ఎట్లాగూ సరిగ ఇనపడకపోతుండె."

"బొమ్మ లోపలికి తిప్పన్నా?"

"లోపలైతే మొఖమంత సున్నమైతది. బయటికే ఉండనీ."

రూబీ కత్తెర పట్టుకుంటే ఎల్లమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది.

సంచులు తగిలించుకుని ఊరికి బయల్దేరిన రూబీకి తుర్కయంజాల్ దాటేసరికే కాళ్లు బరువెక్కాయి. దాటిపోయే బండ్లన్నీ కుడివైపు నుంచే కదా, అందరూ కుడి సంచి మీది యెహెజ్కేలును చూసుకుంటూ పోయారు. బైకు మీద ఒకాయన నెమ్మది చేసి అడిగాడు.

"ఎవరమ్మా ఆయన? కార్పొరేటరా?"

"కాదన్నా. మా మామ."

సాగర్ రోడ్డులో ఎడమ చెవి లేని ఆ ముఖం మీకూ కనబడితే, ఎవరో నాయకుడనుకుని వదిలేయకండి. తనకేమీ కానివాళ్ల సమాధులకు సున్నం వేసిన మనిషి. పేరు యెహెజ్కేలు. ఒక్కసారి తలుచుకోండి.