మూడో సిలిండర్

కూర్మనాథం మాస్టారు టెక్కలి హైస్కూల్లో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. అబద్ధమాడని మనిషని ఊళ్లో పేరు. అందుకే, ఆయన అమ్మకానికి పెట్టిన కారుని కొనేముందు ఇంజను చూపించుకుంటానని ఢిల్లీబాబు అడిగినప్పుడు ఆయన మనసు చివుక్కుమంది.

"రెండు లక్షల నలభై వేల కిలోమీటర్లు తిరిగిందని నేనే ముందు చెప్పానుగా! ఇంకా ఏవిటి చూసేది? ఒక్కనాడు కూడా దారిలో ఆగలేదయ్యా ఇది."

"తమరి మాట కాదంటానా మాస్టారూ!" ఢిల్లీబాబు చేతులు నలుపుకున్నాడు. "మాయమ్మకి డయాలసిస్. వారానికి మూడుసార్లు పలాస తేవాల. మా దారంతా జీడితోటలే. మజ్జిలో ఆగిపోతే ఆటో కూడా దొరకదు. ఓపాలి సూపించుకుంటే నా బెంగ తీరిపోద్ది."

వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న పల్లె అతనిది. పడవ మీద వేటకెళ్లి బతికే మనిషి. ఆ మాట విన్నాక మాస్టారు కాదనలేకపోయారు.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో, మెకానిక్ అప్పలసూరి షెడ్డు దగ్గర కలిశారు. ఢిల్లీబాబు తల్లి దాలమ్మ అప్పుడే డయాలసిస్ చేయించుకుని వచ్చింది. సూది గుచ్చిన చోట దూది అదిమిపట్టుకుని, షెడ్డు ముందున్న బెంచీ మీద గోడకి ఆనుకుని కూర్చుంది.

అప్పలసూరికి అరవై దగ్గర పడ్డాయి. ఎక్కువ మాట్లాడడు. ఇంజను వేడెక్కేదాకా తిప్పి ఆపాడు. పెట్రోలు పంపు ఫ్యూజు లాగేసి, నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి గుడ్డ మీద వరసగా పెట్టాడు. మొదటి ప్లగ్గు ఉన్న కన్నంలో ఒత్తిడి కొలిచే గేజీ బిగించాడు.

"మాస్టారూ, మీరే కూకోండి. ఎక్సలేటరు అడుగంటా తొక్కి కీ తిప్పండి. నాను సాలన్నదాకా వదలకండి."

ఇంజను స్టార్టు కాకుండా గుబగుబమని తిరిగింది. గేజీ ముల్లు మెట్లెక్కినట్టు ఎక్కి ఆగింది.

"నూట డెబ్బై. బాగుంది."

రెండోది నూట అరవై ఐదు. మాస్టారు ఢిల్లీబాబు వైపు చూశారు, నేను చెప్పలేదూ అన్నట్టు.

మూడోదానికి ముల్లు సగం దారిలోనే నిలబడిపోయింది.  అప్పలసూరి గేజీ విప్పి, మళ్లీ బిగించి, మళ్లీ తిప్పమన్నాడు.

"తొంభై ఐదు," అన్నాడు నెమ్మదిగా.

నాలుగోది కూడా బాగానే చూపించింది. అప్పలసూరి మూడో కన్నంలో ఒక చెంచాడు ఇంజనాయిలు పోసి ఇంకోసారి చూశాడు. ఈసారి ముల్లు నూట నలభైకి లేచింది.

"ఆయిలడ్డం పడితే లేత్తంది. అంటే పిస్టను రింగులు అరిగిపోనాయి మాస్టారూ. ఆ సిలిండర్లో గాలి నిలబడతా లేదు."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏడాది పైమాటే. ఇలాటి బండి ఎత్తు ఎక్కినప్పుడు ఆయాసపడతాది. మీకు తెలీనేదా?"

మాస్టారు కీ మీది చెయ్యి తీయలేదు.

ఆయనకి తెలిసింది. ఆయనకి కాదు, భార్య లక్ష్మీకాంతమ్మకి తెలిసింది. ఆమెది గుండె జబ్బు. నెలకి రెండుసార్లు ఈ కారులోనే శ్రీకాకుళం తీసుకెళ్లేవారు. ఒకరోజు నరసన్నపేట దగ్గర ఫ్లైఓవరు ఎక్కుతుంటే, "ఏవండీ, బండికి ఆయాసం వస్తున్నట్టుంది, ఎవరికైనా చూపించండి," అంది. తన బాధ తిన్నగా చెప్పుకోలేక బండి మీద పెట్టి చెబుతోందనుకున్నారాయన. భయం వేసింది. ఆ భయంలోనే కసురుకున్నారు. "ఆయాసం బండికి కాదు, నీకు. మాట్లాడకుండా కళ్లు మూసుకో." ఆమె కళ్లు మూసుకుంది. ఆ తరువాత ఆ దారిలో ఆమె మాట్లాడటమే తగ్గించేసింది. పోయిన మాఘంలో కన్నుమూసింది.

"మాస్టారూ, దిగండి," అన్నాడు అప్పలసూరి.

ఆయన దిగలేదు. స్టీరింగు వైపే చూస్తూ, జరిగింది జరిగినట్టు చెప్పారు. "బండి గురించే చెప్పిందయ్యా. ఉన్నమాటే చెప్పింది."

బెంచీ మీంచి దాలమ్మ అంది: "నాను కూడా మావోడికి సెప్పను బాబూ. ఓపాలి సెప్తాం. ఇసుక్కుంటే ఊరుకుంటాం."

ఢిల్లీబాబు ఉలిక్కిపడి తల్లి వైపు చూశాడు. ఆమె చేతి మీది దూది సరిచేసుకుంది.

చివరికి అతనే తేరుకుని, "ఇంకో బండి ఎతుక్కోడానికి టైము నేదు మాస్టారూ. ఇలాగే ఇచ్చీండి, ఎలాగో నడుపుకుంటాను," అన్నాడు.

"ఇవ్వను," అన్నారు మాస్టారు, కారు దిగుతూ. "ఇలాగ ఇవ్వను. సూరీ, ఇంజను విప్పు. ఖర్చు నాది. బాగయ్యాకే ఇతనికి తాళాలిస్తాను."

పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ మాస్టారు పొద్దున్నే బస్సెక్కి పలాస వచ్చేవారు. షెడ్డులో ఆయన చేసే పని లేదు. దాలమ్మ డయాలసిస్ రోజున ఢిల్లీబాబు తల్లిని ఆటోలో తెచ్చి ఆసుపత్రిలో దింపి, వేటకి వెళ్లిపోవాల్సి వచ్చేది. అది చూసి మాస్టారు ఆమె మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. మొదటిరోజు ఆమె మొహమాటపడింది. రెండో వారానికి కాళ్లు ఎలా పీకుతాయో, దాహం ఎలా అణుచుకుంటుందో, కొడుక్కి చెప్పనివన్నీ చెప్పింది. "ఇది నర్సుకి చెప్పావా?" అని ఆయన అడిగేవారు. లేదంటే తనే నర్సుని పిలుచుకొచ్చేవారు.

పదమూడో రోజున అప్పలసూరి మళ్లీ గేజీ పెట్టాడు. నాలుగు సిలిండర్ల మధ్యా ఐదు పాయింట్ల తేడా కూడా లేదు. మాస్టారు కాగితాల మీద సంతకాలు చేసి, తాళాలు ఢిల్లీబాబు చేతిలో పెట్టారు.

దాలమ్మ ముందు సీట్లో కూర్చుంది. బండి కదలబోతుంటే చెయ్యెత్తి కొడుకుని ఆపింది.

"బాబూ, లచ్చివారం ఆస్పత్రికి వత్తారా?"

"బండి మీదైపోయిందిగా దాలమ్మా, ఇంక నేనెందుకు?"

"బండి కోసమా ఏటి మీరొచ్చింది?"

"గురువారం తొమ్మిదింటికి వస్తాను," అన్నారు మాస్టారు. కారు రైల్వే గేటు వైపు తిరిగేదాకా నిలబడి, టెక్కలి బస్సు కోసం కాంప్లెక్సు వైపు నడిచారు.