యంత్రం బాగానే ఉంది

గది తాళం తీయాలి. ఏసీ వేయాలి. బల్ల తుడిచి కొత్త కాగితం పరచాలి. జెల్ సీసాను తలకిందులుగా నిలబెట్టాలి, లేకపోతే మొదటి పేషెంటుకి చుక్క కూడా రాదు. ఆ తర్వాత పరగడుపున చొక్కా విప్పి, కుడిచెయ్యి తల కింద పెట్టుకుని, ఆ బల్లమీద తనే పడుకోవాలి.

ఈ చివరిది ఆయన ఉద్యోగంలో లేని పని. చక్రాల కుర్చీలో పేషెంట్లను తేవడం, తీసుకెళ్లడం, వార్డుల్లో చెత్త సంచులు మార్చడం, జీతం వీటికే. లివర్ గట్టిదనాన్ని పైనుంచే కొలిచే యంత్రం వచ్చిన రోజున ఎదురుగా కనబడిన మనిషి ఆయన. "తాగుడు లేదు, షుగర్ లేదు, ఒంట్లో కొవ్వు లేదు. నీకంటే మంచి లివర్ నాకెక్కడ దొరుకుతుందయ్యా?" అన్నాడు పెద్ద డాక్టరు. అంతే, ఆరేళ్లుగా రోజూ పొద్దున యంత్రం సరిగ్గా చెబుతోందా లేదా అన్నది ఆయన మీదే చూస్తున్నారు.

పక్కటెముకల మధ్య ప్రోబ్ ఆనించి మీట నొక్కితే, ఎవరో గోటితో టిక్కున కొట్టినట్టుంటుంది. ఆ కుదుపు మెత్తని లివర్‌లో నెమ్మదిగా, గట్టిపడిన లివర్‌లో వేగంగా పరుగెడుతుంది. ఆ వేగాన్ని యంత్రం అంకెగా మారుస్తుంది; లివర్ గట్టిపడేకొద్దీ అంకె పెరుగుతుంది. ఆయన అంకె ఎప్పుడూ ఐదే. అందుకే ఆసుపత్రంతా ఆయన్ని ఐదు బాబాయ్ అనేది. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది, అదీ తప్పుగా.

ఆ రోజు అంకె పద్నాలుగు.

"మళ్లీ మొదలెట్టింది దరిద్రపు మెషిన్!" అంది టెక్నీషియన్ అమ్మాయి.

"నిన్నెంత తల్లీ?"

"పదమూడున్నర. నిన్ను చూస్తే చాలు, దీనికి పూనకం వస్తోంది బాబాయ్."

ఆయన నవ్వి, పక్కటెముకల మీది జెల్ తుడుచుకున్నాడు.

ఆర్నెల్లుగా ఆ అంకె ఏడు, తొమ్మిది, పదకొండు అంటూ ఎక్కుతూనే ఉంది. ప్రోబ్ మార్చారు. సాఫ్ట్‌వేర్ మార్చారు. కంపెనీ ఇంజనీరును మూడుసార్లు రప్పించారు. ఇంతమంది చదువుకున్నవాళ్లు ఒక మనిషి ఒంటిమీద యంత్రం పెట్టి, అంకె చూసి, యంత్రానికి జబ్బు చేసిందనుకున్నారు.

పదింటికి ఇంజనీరు నాలుగోసారి వచ్చాడు. ఈసారి గట్టిదనం ముందే కొలిచి ఉంచిన జెల్ దిమ్మె ఒకటి తెచ్చి, దానిమీద ప్రోబ్ పెట్టాడు. సరిపోయింది. టెక్నీషియన్ అమ్మాయిని పడుకోమన్నాడు. ఆమెకు ఐదు.

"మేడం, మెషిన్ బంగారం!" అన్నాడు ఆ అమ్మాయితో.

పెద్ద డాక్టరు తలుపులోంచి తొంగిచూసి, "హమ్మయ్య, బయట నలభై మంది ఉన్నారు," అన్నాడు. అందరి మొహాలూ వెలిగాయి. ఎవరో టీ తెమ్మన్నారు.

ఆయన కదల్లేదు.

"అయితే సార్, ఆ పద్నాలుగు నాదేనా?"

ఇంజనీరు పెట్టె మూసుకోవడంలో పడిపోయాడు. డాక్టరు ఫోన్లోంచి తల ఎత్తకుండా, "ఎప్పుడైనా సూది గుచ్చుకుందా?" అన్నాడు.

"ఎన్నిసార్లని చెప్పను సార్? చెత్త సంచుల్లో పడేస్తూనే ఉంటారు కదా. గుచ్చుకున్నప్పుడల్లా చెప్పాను. సబ్బుతో కడుక్కోమన్నారు."

"దాంతో లివర్‌కి ఇన్‌ఫెక్షన్ పట్టి ఉంటుంది. ఓపీలో చూపించుకో. ఇది స్కాన్ గది."

ఆరేళ్లు తన లివర్‌ను వాడుకున్న గది అది. ఆయన టీ తెచ్చి ఇచ్చి, ఓపీ కౌంటర్‌కి వెళ్లాడు.

"కాంట్రాక్టు వాళ్లకి స్టాఫ్ లైను లేదు బాబాయ్. మూడు నెలలకి రాస్తున్నా, ఏమనుకోకు," అని కౌంటర్లో మనిషి చీటీ ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నం పదిహేడు మందిని చక్రాల కుర్చీలో తోశాడు. తనలాగే పద్నాలుగు వచ్చిన ఒకాయనతో డాక్టరు, "భయపడకండి, మంచి టైములో తెలిసింది, మందులున్నాయి," అంటుంటే ఆయన ఆ కుర్చీ వెనకే నిలబడి విన్నాడు.

సాయంత్రం ఇంట్లో భార్య ఆయన ప్యాంటు నడుం కుట్లు విప్పి వదులుగా కుడుతూ, "మనిషేమో చిక్కిపోతున్నావు, పొట్టేమో పెంచుతున్నావు. ఏంటయ్యా ఈ సోకు?" అంది. దారం కొరికి, "ఇవాళేమన్నా విశేషమా?" అనడిగింది.

"మెషిన్ బాగానే ఉందంట."

మర్నాటి నుంచి టెక్నీషియన్ అమ్మాయే బల్లమీద పడుకునేది. ఆయన కాగితం పరిచేవాడు, జెల్ సీసా నిలబెట్టేవాడు, బయటికి వెళ్లిపోయేవాడు. తొమ్మిదో వారంలో ఒక మంగళవారం పనికి రాలేదు. శుక్రవారం భార్య గేటు దగ్గరకి వచ్చి, ఆయన పోయాడని చెప్పి, పాస్ కార్డు అప్పజెప్పి వెళ్లింది. చీటీమీది తేదీకి ఇంకా నాలుగు వారాలుంది.

"లివరంటే తాగుడే అయ్యుంటుందిలే," అన్నాడు వరండాలో ఒకడు.

"నోరు ముయ్యి!" అంది టెక్నీషియన్ అమ్మాయి. అక్కడున్న పేషెంట్లంతా తలలు తిప్పి చూశారు.

మీకెప్పుడైనా ఇలాంటి గదిలో ఎవరైనా ఒక అంకె చెబితే, అది నమ్మదగ్గదే అనిపిస్తే, ఆ నమ్మకం కోసం ఆరేళ్లు పరగడుపున పడుకున్న మనిషిని ఒక్కసారి తలుచుకోండి. దుప్పట్ల గది తలుపు వెనక ఆయన చెప్పులు ఇంకా అక్కడే ఉన్నాయి. ఉబ్బిన పాదాలకి చాలక పట్టీలు కోసి, ప్లాస్టరుతో అతికించుకున్నాడు. చివరి రోజు అవి కూడా ఎక్కక, వట్టికాళ్లతో ఇంటికెళ్లాడు.