క్లచ్ ప్లేటు వచ్చిన సంగతి

ఆ చిన్న దీవిలో, రేవు నుంచి ఊళ్లోకి ఎక్కే మిట్ట మీద లోపేతి ట్రక్కు ఆగిపోయింది. ఇంజను అరుస్తోంది, గేరు పడుతోంది, చక్రాలు మాత్రం కదలడం లేదు. వెనక ఉన్న పదిమందీ టారో దుంపల బస్తాలతో సహా దిగారు.

"క్లచ్ పోయింది మామా," అన్నాడు పక్కింటి కలాఫీ, కనీసం వంగి చూడకుండానే. "పెట్రోలు బండి వద్దని ఆనాడే మొత్తుకున్నానా? డీజిల్‌దైతే ఈ మిట్ట నిద్రపోతూ ఎక్కేది."

"డీజిల్‌దానికి సామాను ఎవడు తెస్తాడు, నువ్వా?" అన్నాడొక ముసలాయన. "ఈ ఉప్పుగాలికి ఏ బండైనా పదేళ్లే. ఆ తర్వాత అంతా తుప్పే."

కాసేపు వాదించుకుని, బండిని లోపేతి ఇంటిముందు రొట్టెపండు చెట్టు కిందికి తోసిపెట్టి, ఎవరి బస్తా వాళ్లు భుజానికెత్తుకుని వెళ్లిపోయారు.

న్యూజిలాండ్‌లో మాంసం ఫ్యాక్టరీలో పదహారేళ్లు చేసి, లోపేతి తెచ్చుకున్నది ఆ ట్రక్కొక్కటే. తిరిగొచ్చిన మూడో ఏడు భార్య పోయింది. పిల్లల్లేరు. పదకొండేళ్లుగా ఊరి పెళ్లిళ్లకి కానుకగా ఇచ్చే చాపలు, శవపేటికలు, చర్చి పాటగాళ్లు, అన్నీ ఆ బండిలోనే వెళ్లాయి. తెల్లారితే గేటు దగ్గర ఎవరో ఒకరు "లోపేతీ!" అని కేకేసేవారు.

క్లచ్ ప్లేటు ఆక్లండ్‌లో ఉన్న అక్క పంపాలి. పడవ నెలకు రెండుసార్లే వస్తుంది. ఈలోగా చర్చివాళ్లు కొత్త ట్రక్కు కొన్నారు. మనాసే అనే కుర్రవాడు నడుపుతున్నాడు. మొదటివారం నలుగురైదుగురు వచ్చి బండి సంగతి అడిగారు. రెండోవారం ఒక్కడొచ్చాడు. మూడోవారం గేటు దగ్గర పందులు తప్ప ఎవరూ నిలబడలేదు. కేకలన్నీ బండికోసమేనని లోపేతికి అప్పుడు తెలిసింది.

పడవ వచ్చే రోజున రేవుకి నడుస్తుంటే మనాసే బండి ఆపాడు. ముందు సీట్లో పాస్టరుగారి సామాను ఉంది. లోపేతి వెనక ఎక్కి, బుట్టల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. ట్రక్కు వెనక కూర్చోవడం ఆయనకి ఇన్నేళ్లలో అదే మొదలు.

"వీడు గుంతని వెతుక్కుని మరీ దింపుతాడమ్మా!" అంది ఒకావిడ నడుం పట్టుకుని.

"మన లోపేతి నయం. గుంత వచ్చేముందు ఒకసారి దగ్గేవాడు. దగ్గు వినపడగానే గట్టిగా పట్టుకునేవాళ్లం," అంది ఇంకొకావిడ. కలాఫీ ఆ దగ్గు దగ్గి చూపించాడు. బండంతా గొల్లుమంది.

లోపేతికి ముఖం వేడెక్కింది. తర్వాత నవ్వాగలేదు. ఇన్నేళ్లూ తన సీటు వెనక అద్దానికి అవతల ఇంత జరుగుతోందా అనుకున్నాడు. తను దగ్గుతానని తనకే తెలియదు.

తర్వాతి పడవలో అట్టపెట్టె వచ్చింది. తిరుగుప్రయాణంలో దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు.

"ప్లేటు వచ్చిందా మామా?" అన్నాడు కలాఫీ.

"రాలేదురా. అక్క బట్టలు పంపింది."

పెట్టె మంచం కిందికి పోయింది. నెల దాటింది. పడవ వచ్చినప్పుడల్లా లోపేతి ఉతికిన చొక్కా తొడుక్కుని, తనకి రేవులో పనేమీ లేకపోయినా, మనాసే బండి వెనక ఎక్కేవాడు.

ఒక మధ్యాహ్నం కలాఫీ స్పానరు కోసం వచ్చాడు. అడగకుండా మంచం కింద చెయ్యిపెట్టి వెతకడం అతనికి అలవాటు. పెట్టె బయటికొచ్చింది.

"ఇదేంటి? వచ్చి ఎన్నాళ్లయింది?"

"నెల పైనే."

"నెలా? మరి బట్టలన్నావు కదా! నీకేమైనా పిచ్చా మామా?"

లోపేతి గుమ్మంవైపు చూస్తూ అన్నాడు: "బాగుచేస్తే మళ్లీ ముందుకెళ్లి ఒక్కణ్ణే కూర్చోవాలి కదరా."

కలాఫీ మళ్లీ మంచం కింద చెయ్యిపెట్టి స్పానరు బయటికి తీశాడు.

"రేపు పొద్దున వస్తా. ఇద్దరం కిందపడుకుని బిగిద్దాం," అన్నాడు.

రెండురోజులు పట్టింది. బండి కదిలాక కలాఫీ వెనక ఎక్కలేదు. ముందు తలుపు తీసి, సీటు మీది జాకీ, తాళ్లు కిందకి నెట్టి కూర్చున్నాడు. కూర్చున్న దగ్గర్నుంచీ తిట్టడమే. "బ్రేకు చూడు, మెత్తగా దిగిపోతోంది. తలుపు చూడు, వేలు పెడితే అవతలికి పోతోంది. బండి పెట్టుకోవడం కన్నా పంటినొప్పి పెట్టుకోవడం మేలు మామా." లోపేతి తలూపుతూ నడిపేవాడు. తొమ్మిది వారాలు అలా గడిచాయి.

తర్వాత కలాఫీకి న్యూజిలాండ్ ఆపిల్ తోటల్లో కోతలకి పిలుపొచ్చింది. ఏడునెలల పని. లోపేతే రేవుకి దింపాడు.

"ఆయిల్ మార్చు. ఎడంపక్క వెనక టైరు అరిగింది, వర్షాలు రాకముందే చూసుకో," అన్నాడు కలాఫీ సంచి భుజానికెత్తుకుని.

"చూస్తా. ఇంకేమన్నా ఉందా?"

"ఇంకేముంది మామా, డీజిల్‌ది కొనమంటే నువ్వు వినవుగా."

పడవ కదిలింది. దిగినవాళ్లందరినీ మనాసే అప్పటికే ఎక్కించుకుపోయాడు. లోపేతి కొంతసేపు చూశాడు, ఎవరైనా మిగిలారేమోనని. ఎవరూ లేరు. పక్కసీటు ఖాళీగా పెట్టుకుని ఇంటికి త్వరగా చేరాలనిపించక, దగ్గరిదారి వదిలేసి, ఉప్పుమడుగు చుట్టూ తిరిగే పొడవుదారి పట్టాడు. ఆ దారిలో ఇళ్లు లేవు. మడుగు చివరిదాకా రెండో గేరులోనే వెళ్లాడు.