నిండు ఫోను, నిగనిగలాడే రాయి

తూకాలాయన పుట్టినరోజుకి తోడల్లుడు ఏ చొక్కా గుడ్డో పెట్టి ఊరుకుని ఉంటే, ఆ నాలుగంతస్తుల భవనంలో నలభై ఒక్క వైర్లు ఇవాళ్టికీ బతికి ఉండేవి. ఆ మహానుభావుడు ఊరుకోలేదు. బొటనవేలంత మీటరొకటి తెచ్చి చేతిలో పెట్టాడు. ఫోను ఛార్జరుకీ వైరుకీ మధ్య దాన్ని గుచ్చితే, ఎంత కరెంటు పోతోందో చిన్న తెర మీద అంకెల్లో చూపిస్తుంది.

"సరదాకి అన్నయ్యా. ఏ ఛార్జరు మంచిదో ఏది కాదో తెలిసిపోతుంది," అన్నాడు.

తూకాలాయనకీ సరదాకీ పుట్టుకతోనే పడదు. తూనికలు కొలతల శాఖలో ఆయన ఇరవయ్యారేళ్లుగా ఇన్‌స్పెక్టరు. కొట్టు కొట్టుకీ వెళ్లి అక్కడి తూనికరాళ్లను తన రాయితో సరిచూస్తాడు. సరిపోతే ముద్ర వేస్తాడు. తేడా వస్తే యజమాని కళ్లముందే ఉలి తీసి, రాయి మీద అడ్డంగా గాటు పెట్టి, పనికిరాదని తేల్చేస్తాడు. ఆయన అసలు పేరు ఇంట్లోవాళ్లకి కూడా సంతకాలప్పుడే గుర్తొస్తుంది.

ఆయన రాయి అందరి రాళ్లలాంటిది కాదు. ఎర్ర మఖమలు పరిచిన పెట్టెలో పడుకునే ఇత్తడి కిలో రాయి. ప్రతి సోమవారం పొద్దున్నే దాన్ని ఒళ్లో పెట్టుకుని, మెరుగుపొడి వేసి, అందులో తన మీసం కనిపించేదాకా తోముతాడు. ఏడాదికోసారి దాన్ని పెద్దాఫీసుకి పంపి సరిచూపించాలని నిబంధన ఉంది. ఎవరి జిడ్డు చేతులు తగులుతాయోనని ఆయన ఎన్నడూ పంపలేదు. ఫారం మీద "సరిగా ఉన్నది" అని తనే రాసుకుని, తనే సంతకం పెట్టుకునేవాడు.

"రాయి తోమిన గుడ్డ పచ్చగా అయిపోతోంది, ఏమిటండీ?" అని భార్య ఒకటి రెండుసార్లు అడిగింది.

"మురికి," అన్నాడాయన.

ఆ రాయి వల్లే ఆయనకి సొంత అక్క దూరమైంది. అక్కకి పప్పుల కొట్టు ఉంది. ఆరేళ్ల కిందట ఆ వీధి తనిఖీ ఈయనకే పడింది. అక్క కిలో రాయిని త్రాసులో ఒకవైపు, తన ఇత్తడి రాయిని ఇంకోవైపు పెట్టాడు. అక్క రాయి మూడు గ్రాములు ఎక్కువ తూగింది. తక్కువ కాదు సుమా, ఎక్కువ.

"ఎక్కువ ఇస్తే ఎవడికిరా నష్టం?" అంది అక్క, కొనడానికొచ్చిన వాళ్లందరి ముందూ.

"ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే," అని తమ్ముడు ఉలి తీశాడు.

"మరి నీ రాయినెవరు తూచారురా?"

ఆ ప్రశ్న ఆయనకి అర్థమే కాలేదు. గాటు పడింది. చిన్నప్పుడు తన కంచంలో మొదటి ముద్ద వాడి నోట్లో పెట్టి గానీ తినని అక్క, వానొస్తే వాణ్ణి చంకనేసుకుని బడికి మోసుకెళ్లిన అక్క, ఆనాటి నుంచి వాడితో మాట మానేసింది. తూకాలాయన పైకి అనేవాడు కాదు గానీ లోలోపల కుమిలిపోయేవాడు. తప్పు నాదని ఒప్పుకోలేడు, అక్క లేకుండా ఉండలేడు.

మధ్యలో నలిగిపోయింది భార్య. ఆరేళ్లు అటూ ఇటూ రాయబారాలు నడిపింది. చివరికి మీటరొచ్చిన మర్నాడే వదినగారు ఒక మెట్టు దిగింది. "ఆదివారం సాయంత్రం నాలుగింటికి నీ ఫోనుకి చేస్తా. ఒక్కసారే చేస్తా. ఎత్తాడా సరే. లేదా, నాకు తమ్ముడు లేడనుకుంటా," అని కబురు పెట్టింది. ఆవిడ మాటంటే మాటే. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి తూకాలాయనకి గుండెల్లో దడ. ఆ దడ మరిచిపోవడానికి మీటరు పట్టుకున్నాడు. కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టయింది.

దేన్నయినా కొలవాలంటే ముందు మారని ప్రమాణం ఒకటుండాలి. ఇరవయ్యారేళ్ల ఉద్యోగం ఆయనకి నేర్పింది అదొక్కటే. అందుకని తన ఫోనుని ప్రమాణంగా నిలబెట్టాడు. ప్రమాణం మారకూడదు కదా, దాన్ని నూటికి నూరు శాతం నింపాడు. ఎవరూ ఫోన్ చేసి దాని నిండుదనం చెడగొట్టకుండా సిమ్ము పీకేశాడు. కొలిచే వేళ తప్ప ఆపేసి, ఇత్తడి రాయి పక్కనే మఖమలు మీద పడుకోబెట్టాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మొట్టమొదట తన ఇంటి ఛార్జరునే పట్టుకున్నాడు. దాని మీద రెండు ఆంపియర్లు అని రాసి ఉంది. మీటరు గుచ్చి, ప్రమాణాన్ని తగిలించి చూశాడు. సున్నా పాయింటు సున్నా ఆరు.

"రెండని రాసుకుని సున్నా పాయింటు సున్నా ఆరు ఇస్తోందే! పట్టపగలు దోపిడీ!"

వంటింట్లోది చూశాడు, పడకగదిలోది చూశాడు. అన్నిటిదీ అదే వరస. నిబంధన ప్రకారం మొదటిదాన్ని వైరుతో సహా నమూనాగా కవర్లో పెట్టి, లక్క కరిగించి ముద్ర వేశాడు. మిగతావాటి వైర్లు కట్టర్‌తో భార్య కళ్లముందే కత్తిరించాడు.

విషయం గంటలో భవనమంతా పాకింది. బుధవారం పొద్దుటికి మెట్ల మలుపులో బల్ల వెలిసింది. బల్ల మీద మీటరు, ప్రమాణం, రిజిస్టరు, కట్టరు. బల్ల వెనక తూకాలాయన. బల్ల ముందు ఛార్జర్లు చేతబట్టుకుని ఇరుగుపొరుగు వరస. సర్కారు మనిషి, పైగా మిణుకు మిణుకుమనే అంకెలు. ఇంకేం కావాలి? ఒక్కొక్కరూ వచ్చి, సున్నా పాయింటు సున్నా ఆరు చూసి, నోరెళ్లబెట్టి, వైరు కత్తిరింపించుకుని, థాంక్సు చెప్పి వెళ్లారు.

ఒక్క పళ్ల డాక్టరు మాత్రం నసిగాడు.

"దీంతో నా ఫోను గంటలో నిండిపోతుందండీ."

"అలా మీకనిపిస్తుంది."

"అనిపించడమేంటండీ, వంద అని చూపిస్తుంటే!"

"మీ ఫోను మీ మనిషి. మీకు నచ్చినట్టే చెబుతుంది. ఆ సాక్ష్యం చెల్లదు," అన్నాడు తూకాలాయన.

నొప్పి ఏ పంటిదో రోగికి తెలియదని రోజుకి పదిసార్లు చెప్పే డాక్టరాయన. ఆ మాటకి ఎదురు చెప్పలేక వైరు ఇచ్చేశాడు.

కింద వాటాలో ఫోన్ల కొట్టువాడు ఉక్రోషంగా పైకొచ్చాడు, అట్టపెట్టెలు కూడా విప్పని ఇరవై కొత్త ఛార్జర్లతో. ఇరవైకి ఇరవై తప్పాయి. పాపం, మెట్టు మీద కూలబడి తల పట్టుకున్నాడు. "ఇన్నాళ్లూ నేను అమ్మిందేంటి?" అని తననే తను అడుక్కుని, వెళ్లి కొట్టు షట్టరు దించేశాడు.

శనివారానికి భవనంలో ఫోనన్నది మోగలేదు. అలారాలు లేక ఎవరికి మెలకువొచ్చినప్పుడు వాళ్లు లేచారు. కబుర్లు బాల్కనీలోంచి బాల్కనీలోకి కేకలేసుకున్నారు. విచిత్రమేమిటంటే తూకాలాయనని ఒక్కరు తిట్టలేదు. ఇన్నేళ్లూ ఎంత మోసపోయామో అని చెప్పుకుని చెప్పుకుని ఆశ్చర్యపోయారు. అంతవరకూ ఫోన్లు ఎలా నడిచాయన్న అనుమానం ఏ ఒక్కరికీ రాలేదు. వచ్చిన ఒక్క డాక్టరూ నోరు మూసుకున్నాడు.

భార్య శుక్రవారం నాడే తన ఫోను తొమ్మిది శాతం దగ్గర ఆపేసి, బీరువాలో దాచింది. ఆదివారం మూడున్నరకి తెరిచింది. అది ఒక్క క్షణం వెలిగి, ఆవిడ ముఖంలోకి చూసి, కన్నుమూసింది.

"ఏమండీ! ఆ కవర్లోది తియ్యండి. పెట్టి చూద్దాం."

"దాని మీద ముద్ర పడింది. అయినా పనికిరానిదాన్ని పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే."

"అయితే నా సిమ్ము మీ ఫోనులో వెయ్యండి."

తూకాలాయన పెట్టెకి చెయ్యడ్డం పెట్టాడు. "అది ప్రమాణం! మాట్లాడితే దిగిపోతుంది. దిగిపోయాక ఇక దేన్ని పట్టుకుని కొలవాలి?"

ఆరేళ్ల రాయబారాలూ ఒక్కసారి గుర్తొచ్చాయి ఆ ఇల్లాలికి. గడియారం నాలుగుకి ఆరు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఆవిడ మంగళవారం నుంచి దాచుకున్న కోపమంతా గొంతులోకొచ్చింది.

"మీకు అక్క కావాలా, ఆ డబ్బా కావాలా? ఇప్పుడే తేల్చండి. నేను మళ్లీ అడగను."

ఆయన ఫోను వంక చూశాడు. నిండుగా, మచ్చ లేకుండా, ఎవరికీ పనికిరాకుండా పడి ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "అక్క కావాలే," అన్నాడు చిన్నపిల్లాడిలా. భార్య పిన్నీసుతో సిమ్ము తీసి అందులో వేసింది. ఫోను తెరుచుకోవడమూ, మోగడమూ ఒక్కసారే జరిగాయి.

"హలో అక్కా," అన్నాడు. ఆ తర్వాత గంటంబావు ఆయనకి మాట్లాడే అవసరం రాలేదు. అక్క ఆరేళ్ల బాకీ అంతా వరసపెట్టి తిట్టింది. గాటు పెట్టినందుకు తిట్టింది, పండక్కీ పబ్బానికీ గుమ్మం తొక్కనందుకు తిట్టింది, ఎనిమిదేళ్ల వయసులో తన పలక పగలగొట్టి నేరం పిల్లి మీదకి నెట్టినందుకు కూడా తిట్టింది. తూకాలాయన గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని, వింటూ ఉన్నాడు. అంత హాయిగా ఆయన కూర్చుని ఆరేళ్లయింది. పాత ఫోను, పాత బ్యాటరీ. తొంభై, డెబ్బై, నలభై, పన్నెండు. ఫోను కీచుమంది.

"ఏంటా కీచులు?"

"ఛార్జింగ్ అయిపోతోందక్కా."

"అయిపోతే పెట్టుకోవూ? నేనింకా నీ పెళ్లి దాకా రాలేదు!"

భార్య అప్పటికే కవరు చించేసింది. ముద్ర ముక్కలు నేల మీద రాలాయి. ఆయన ఛార్జరు గోడకి పెట్టి, ఇరవయ్యారేళ్ల అలవాటు కొద్దీ, మధ్యలో మీటరు గుచ్చి, వైరు ఫోనుకి తగిలించాడు.

ఒకటి పాయింటు తొంభై నాలుగు.

తీశాడు. మళ్లీ పెట్టాడు. ఒకటి పాయింటు తొంభై నాలుగు. మంగళవారం తప్పిందని తేల్చి ముద్ర వేసినదే అది. ఛార్జరు మారలేదు, వైరు మారలేదు, మీటరు మారలేదు. మారింది ఫోనొక్కటే. నిండుగా ఉన్నప్పుడు తీసుకోలేదు, ఖాళీ అయ్యాక గటగటా తాగుతోంది.

"ఏరా, ఉన్నావా?" అంది అక్క.

ఉన్నాడు. తడబడుతూ జరిగిందంతా చెప్పాడు, నలభై ఒక్క వైర్లతో సహా. అక్క నవ్వింది. ఆ నవ్వు వినీ ఆరేళ్లయింది.

"ఓరి నీ ప్రమాణం పాడుగానూ! కడుపు నిండా తిన్నవాణ్ణి కూర్చోబెట్టి వడ్డించి, వాడు తినలేదు కాబట్టి వంట బాలేదన్నావా?"

తూకాలాయన నవ్వలేదు. ఆయన చూపు మఖమలు పెట్టె మీద పడింది. అందులో ఇత్తడి రాయి నిగనిగలాడుతోంది. పక్కనే సోమవారం తోమిన గుడ్డ, పచ్చగా ఉంది. ఇరవయ్యారేళ్ల సోమవారాలు. అది మురికి కాదు, ఇత్తడి.

"అక్కా, నీ కిలో రాయి ఉందా?"

"నువ్వు గాటు పెట్టినదా? ఉంది. గాలికి కొట్టుకోకుండా తలుపుకి అడ్డం పెట్టుకున్నా. ఏం, ఇంకో గాటు పెడతావా?"

"నా రాయి తెస్తా. దాంతో తూచు."

అక్క గొంతు మారింది. "ముందు ఆ వైర్ల వాళ్లందరికీ చెప్పి రా, తప్పు నాదని. ఆ తర్వాత రా. ఉలి మాత్రం ఇంట్లో పెట్టి రా."

ఫోను పద్నాలుగు శాతం దగ్గరే పీకి జేబులో వేసుకున్నాడు. రాయి చంకలో పెట్టుకుని గుమ్మం గుమ్మానికీ వెళ్లి, "మీ వైరు మంచిదేనండీ, తప్పు నాది," అన్నాడు. ఫోన్ల కొట్టువాడు కావలించుకున్నాడు. కొందరు నమ్మలేదు, మీటరు చూపించమన్నారు. పళ్ల డాక్టరు తలుపు సగం తెరిచి, "నాకలాగే అనిపించిందండీ," అని మళ్లీ వేసుకున్నాడు.

చీకటి పడకముందే అక్క కొట్టు చేరాడు. అక్క కుశలప్రశ్నలు వేయలేదు. తలుపు దగ్గర గాటు రాయి తీసి, చెంగుతో దుమ్ము తుడిచి, త్రాసులో ఒకవైపు పెట్టింది. ఆయన తన రాయిని ఇంకోవైపు పెట్టాడు. నిగనిగలాడుతూ అది పైకి లేచింది. ముద్దాయిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు తూకాలాయన.

అక్క డబ్బాలో చెయ్యి పెట్టి, చిటికెడు పప్పు తీసి, తమ్ముడి రాయి పక్కన వేసింది. ముల్లు నిటారుగా నిలబడింది.

"ఇదిగో, ఇంతేరా నీకు తగ్గింది," అంది. "లోపలికి రా, అన్నం పెడతా."